దోమలు పాడని ఇల్లు

జూన్ 3

కోడలుపిల్లకి,

నీ ఉత్తరం నిన్న మధ్యాహ్నం వచ్చింది. కూర్చోవడానికి కూడా ఓపిక లేక గుమ్మంలో నిలబడే చదివేశాను. చేపపిల్లల్ని పెంచే కేంద్రంలో ఉద్యోగం, చుట్టూ సిమెంటు తొట్లు, వాటి మధ్య నీకిచ్చిన ఒంటిగది క్వార్టరు, అన్నీ కళ్ళకు కట్టినట్టు రాశావు. మా అక్క కూతురు ఇంత చక్కగా రాస్తుందని నాకు ముందే తెలుసు, చిన్నప్పుడు అక్షరాలు దిద్దించింది నేనే కాబట్టి. కానీ చివర్లో రాసిన ముక్క నన్ను కలవరపెట్టింది. సాయంత్రం అయ్యేసరికి దోమలు మంచంతో సహా ఎత్తుకుపోయేట్టున్నాయి అన్నావే, అది.

ఆ ముక్క సరిగ్గా చేరవలసిన మనిషికే చేరింది. ఏడాదిగా నేను చేస్తున్న పని అదే. గడియారాల కొట్టు తీయడం బాగా తగ్గించాను. ఈ రోజుల్లో బాగుచేయించుకునేవాళ్ళు తక్కువ, వచ్చిన గడియారాలు మరీ నాసిరకం. ఏది చెవి దగ్గర పెట్టుకున్నా ఆగిపోయే ఉంటుంది. అందుకని ఇంటిపట్టున ఉండి మొక్కలతో వైద్యం నేర్చుకుంటున్నాను. దోమల మందులని బజార్లో అమ్మే చుట్టలూ బిళ్ళలూ మన ఊపిరితిత్తులకి తప్ప దేనికీ పనికిరావు.

ఈ పార్సిల్లో ఒక సీసా పంపుతున్నాను. కొబ్బరినూనెలో నిమ్మగడ్డి వేసి సన్నసెగ మీద మరిగించి, దించాక వేపనూనె, కర్పూరం కలిపాను. ఆఖర్న పిండిన వెల్లుల్లి రసం నా సొంత ఆలోచన. మోచేతుల దాకా, మోకాళ్ళ దాకా, చెవుల వెనక కాస్త ఎక్కువగా రాసుకో. దీని గుణం నేను చెప్పడం కాదు, మా ఇల్లే చెబుతుంది. ఇదివరకు లైటు వేయగానే చెవిలో దూరి సంగీతం మొదలుపెట్టేవి ఆ దోమలు. ఈ నూనె మొదలుపెట్టాక ఒక్కటంటే ఒక్కటి పాడిన పాపాన పోలేదు. ఇల్లు గుడిలా ప్రశాంతంగా ఉంది.

చేతుల మీద ఎర్రటి దద్దుర్లు మాత్రం వస్తున్నాయి. అది ఒంట్లో వేడి. కలబంద మట్టని చీల్చి గుజ్జు రుద్దితే చల్లబడుతుంది. మరీ దురదగా ఉంటే వంటసోడాలో చుక్క నీళ్ళు కలిపి ముద్దలా పెడతాను. గోళ్ళు తగలనివ్వకూడదు, అది ముఖ్యం.

నాకు ఫోన్ చేయకు. మా వైపు లైన్లు పూర్తిగా చెడిపోయాయి, నువ్వు దూది నోట్లో పెట్టుకుని మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఉత్తరమే నయం.

మీ అత్తయ్య బాగుంది. స్టేషన్లో మైకు ముందు కూర్చుని ఏ బండి ఏ ప్లాట్‌ఫారానికి వస్తుందో చెప్పీ చెప్పీ, రిటైరయ్యాక నోటికి విశ్రాంతి ఇచ్చినట్టుంది. ఈ మధ్య గిన్నెలు కూడా చప్పుడు కాకుండా పెడుతోంది. పెద్దవయసులో మనిషికి నెమ్మదితనం దానంతట అదే వస్తుంది కాబోలు.

వాసన పట్టించుకోకు. రెండు పూటలా రాయి.

మీ మామయ్య

జూన్ 14

మామయ్యా,

సీసా క్షేమంగా చేరింది. మూత దగ్గర కొంచెం కారినట్టుంది, పోస్టాఫీసు గుమాస్తా పార్సిల్ని రెండు వేళ్ళతో పట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని ఇచ్చాడు. అందులో ఏముందని అడిగితే మా మామయ్య ప్రేమ అన్నాను. ఆయన కిటికీ తెరిచాడు.

చెప్పినట్టే రాసుకున్నాను. నీ నూనె మొదటి రోజే పనిచేసింది. మా సూపర్‌వైజరు రోజూ తొట్ల లెక్క చూసే వంకతో నా గదిలోకి వచ్చి కుర్చీలో చతికిలబడి తన ప్రమోషను ఎలా తప్పిపోయిందో గంటసేపు చెప్పేవాడు. ఇప్పుడు గట్టు అవతల నిలబడి, చేత్తో సైగ చేసి అడిగి వెళ్ళిపోతున్నాడు. నా దరిదాపులకు ఎవరూ రావడం లేదు. ఇందుకు నేను నీకు జన్మంతా రుణపడి ఉంటాను.

దోమల సంగతికి వస్తే, బల్ల ఫ్యాను మంచం వైపు తిప్పి పెట్టుకున్నాను. ఆ గాలికి అవి ఎదురీదలేవు. దోమతెర కట్టాను, సాయంత్రం పొడుగు చేతుల జాకెట్టు వేసుకుంటున్నాను. నీకో విషయం తెలుసా, మా తొట్లలో దోమలు పెరగవు. గుడ్లు పెట్టడమే ఆలస్యం, పిల్లలు బయటికి రాగానే మా చేపలు ఒక్కటి మిగల్చకుండా తినేస్తాయి. బాధంతా షెడ్డు వెనక పారేసిన టైర్లతో, పగిలిన బక్కెట్లతోనే. చిటికెడు నీళ్ళు నిలిచినా చాలు వాటికి. మొన్న అన్నీ బోర్లించి వచ్చాక సగం బాధ తగ్గింది. కుట్టిన చోట నీ వంటసోడా ముద్ద నిజంగా హాయిగా ఉంది, అది మాత్రం మెచ్చుకోవాలి. రుమాల్లో మంచుముక్క చుట్టి అద్దినా వాపు దిగుతోంది.

ఒకటి అడుగుతాను, కోప్పడకు. బయట ఇంత ముసురు పట్టి ఉంటే నీ ఒంట్లో వేడేమిటి? పోయిన ఆదివారం వద్దన్నా వినకుండా ఫోన్ చేశాను కదా. దురద తగ్గిందా అని అడిగితే, వరద ఇంకా రాలేదు అన్నావు. మా వైపు నీ గొంతు మాత్రం పక్కన కూర్చున్నట్టే వినపడింది.

అత్తయ్యని అడిగానని చెప్పు. ఆవిడ నెమ్మదిగా ఉందంటే నాకెందుకో నమ్మబుద్ధి కావడం లేదు.

నీ కోడలుపిల్ల

జూన్ 25

బంగారుతల్లికి,

నీ ఉత్తరం చదివి నేను ఒక్కణ్ణే ఆనందించడం పద్ధతి కాదని పక్కింటి బేకరీ ఆయనకి వినిపించాను. "నీ నూనె మొదటి రోజే పనిచేసింది, నా దరిదాపులకు ఎవరూ రావడం లేదు, జన్మంతా రుణపడి ఉంటాను." ఈ మూడు ముక్కలూ రెండుసార్లు చదివాను. మధ్యలో సూపర్‌వైజరు గొడవ ఆయనకి అనవసరం కాబట్టి వదిలేశాను. ఆయన చాలాసేపు తల ఊపాడు. ఏదో అన్నాడు కూడా, కానీ ఈ వీధిలో ఇప్పుడు అందరికీ నోట్లో నోట్లో గొణుక్కోవడం అలవాటైపోయింది. నోరు తెరిచి స్పష్టంగా మాట్లాడే మనిషే కనపడటం లేదు.

అంతటితో ఆగలేదు. చేపల కేంద్రం దాకా పేరు వెళ్ళిన మందుని ఇంట్లో దాచుకోవడం స్వార్థం. ఖాళీ సీసాలు కడిగి నింపి, వీధిలో ఇంటికొకటి పంచాను. సీసా మీద కాగితం అంటించి, "చేపపిల్లల కేంద్రంలో పరీక్షించి నిరూపించినది" అని నా చేత్తోనే రాశాను. గడియారాల లోపల సన్నటి మరలు బిగించిన చెయ్యి కదా, అక్షరాలు అచ్చు వేసినట్టు వచ్చాయి.

ఇంత నూనెకి సరంజామా కావాలి. పెరడంతా కుండీలతో నింపేశాను. నిమ్మగడ్డి, పుదీనా, తులసి, బంతి, అన్నీ దోమలకి గిట్టనివే. ఏ మొక్కా వాడకూడదని కుండీల కింద పళ్ళేలు పెట్టి, నీళ్ళు ఎప్పుడూ అంచుల దాకా ఉండేట్టు చూస్తున్నాను. ఒక పెద్ద డ్రమ్ములో వేపాకు నానబెట్టాను. మూత పెడితే ఆకు మురిగిపోతుంది కాబట్టి పెట్టలేదు. ఆ నీళ్ళలో ఇప్పుడు సన్నటి పురుగులు దారప్పోగుల్లా గింగిర్లు తిరుగుతున్నాయి. మందులు చల్లని చోట ప్రాణికోటి ఎంత సుఖంగా ఉంటుందో చూడు.

మీ అత్తయ్య సంగతి అడిగావు. భోజనాల దగ్గర పెదవులు కదుపుతుంది. ఏమిటి అంటాను. మళ్ళీ కదుపుతుంది. మళ్ళీ ఏమిటి అంటే విసురుగా లేచి వెళ్ళిపోతుంది. మైకు లేకుండా మాట్లాడటం చేతకాదేమో. కొన్ని నెలల కిందట నా నూనె వాసన చూసి బేకరీ ఆయన ముందు పగలబడి నవ్వింది. నేను పల్లెత్తు మాట అనలేదు, అలాంటివి మనసులో పెట్టుకునే మనిషిని కాను. అయినా ఆవిడే నా మీద అలిగింది. ఒంటినిండా దద్దుర్లు, గోక్కుంటూ తిరుగుతుంది. వేడి ఒంటికి కలబంద రాసుకోమంటే నా వంక అదోలా చూస్తుంది.

నీకు ఇంకో రెండు సీసాలు పంపుతున్నాను. ఒకటి మీ సూపర్‌వైజరుకి ఇవ్వు.

మీ మామయ్య

జూలై 4

మామయ్యా,

ముందు ముఖ్యమైన సంగతి. అత్తయ్య నా దగ్గర ఉంది. నిన్న మధ్యాహ్నం బండికి పెట్టెతో దిగింది. నువ్వు వెతుక్కుంటూ ఉంటావేమో అని ఈ ఉత్తరం వెంటనే రాస్తున్నాను. చెప్పే వచ్చానంటోంది. గుమ్మంలో నిలబడి, మేనకోడలి దగ్గరికి వెళ్తున్నాను, వద్దంటే ఆగిపోతాను అందట. నువ్వు వెనక్కి తిరక్కుండా పుదీనాకి నీళ్ళు పోస్తూనే ఉన్నావట. వద్దనలేదు కాబట్టి వచ్చేశానంది.

ఆవిడని చూసి నాకు ఏడుపొచ్చింది. చేతులూ మెడా పాదాలూ కుట్టని చోటు లేదు. వచ్చీరాగానే మంచం మీద కూర్చోబెట్టి మంచుగుడ్డ అద్దాను. తులసాకు నలిపి రాశాను. అలా రాస్తుంటే ఆవిడ మాట్లాడటం మొదలుపెట్టింది, సాయంత్రం దాకా ఆపలేదు. నోటికి విశ్రాంతి ఇచ్చిందని ఎవరు చెప్పారు నీకు?

ఆవిడ చెప్పింది ఇదీ. మీ మామయ్య నాతో మాటలు మానేశారు, నూనె వాసన చూసి నలుగురిలో నవ్వాను, దానికి నెలల తరబడి శిక్ష వేస్తున్నారు, పిలిస్తే పలకరు, అడిగితే జవాబు లేదు, అదే పనిగా అడిగితే ఏమిటి ఏమిటి అని వెక్కిరిస్తారు. క్షమించమని కూడా అడిగిందట, నువ్వు పేపరు చదువుకుంటుంటే వెనక నిలబడి. నువ్వు పేజీ తిప్పావట. ఇల్లంతా దోమల మోత, పెరట్లోకి వెళితే ముసురుకుంటున్నాయి అని రోజూ మొత్తుకుంటే, ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో చూశావా అంటావట.

నేను నీ ఉత్తరాలు తీసి వరసగా చదువుకున్నాను. ఫోన్ లైను చెడిపోయింది. గిన్నెలు చప్పుడు చేయవు. వీధిలో అందరూ గొణుగుతున్నారు. చేతికొచ్చిన ప్రతి గడియారమూ ఆగిపోయి ఉంది. ఇవన్నీ పక్కపక్కన పెడితే నాకు ఒకటే కనపడుతోంది. నిన్ను కష్టపెట్టకుండా ఎలా రాయాలో తెలియక ఇప్పటికి రెండు కాగితాలు చింపాను. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మీ ఇంట్లో దోమలు పోలేదు మామయ్యా. నీకు వినపడటం పోయింది.

నీ చేతుల మీద ఉన్నది వేడి కాదు, దోమకాట్లే. ఆ దారప్పోగులు దోమపిల్లలు. నువ్వు పళ్ళేల్లో, డ్రమ్ములో పోసి పెంచుతున్నది వాటినే. ఈ పూటే అన్నీ బోర్లించేయి. ఆ తర్వాత చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళు.

నీ నూనె బాగుందని నేను వెటకారంగా రాశాను, నువ్వు నిజమనుకున్నావు. నా నోటి దూలే ఇంత దూరం తెచ్చింది. ఆ సీసాల మీది కాగితాలు దయచేసి పీకెయ్. మా కేంద్రం పేరు చూస్తే సూపర్‌వైజరు నాకు నోటీసు ఇస్తాడని భయపడి నువ్వు పంపిన సీసా దాచబోయాను. ఆయన చూడనే చూశాడు. నోటీసు ఇవ్వలేదు. వాళ్ళావిడ తరఫు చుట్టాలు దిగారట, వాళ్ళకి రాయడానికి ఇంకా ఉందా అని అడిగాడు.

నీ కోడలుపిల్ల

జూలై 11

మేనకోడలికి,

నీ ఉత్తరం అందింది.

నాకు వినికిడి పోయిందని నువ్వు అంత దూరం నుంచి కనిపెట్టినందుకు సంతోషం. చేపలకి మేత వేసేవాళ్ళు చెవుల పరీక్ష కూడా చేస్తారని తెలియదు. నా చెవి సంగతి నాకు తెలియదా? బల్ల మీద పది గడియారాలు నడుస్తుంటే వాటిలో తప్పుగా నడిచేది ఏదో కళ్ళు మూసుకుని చెప్పిన చెవి ఇది. అలాంటి చెవికి ఎవరూ పరీక్ష పెట్టక్కర్లేదు.

మీ అత్తయ్య వెళ్తూ నాతో చెప్పిందనడం శుద్ధ అబద్ధం. నేను పెరట్లోంచి వచ్చేసరికి ఇల్లు ఖాళీగా ఉంది. రెండు గదులూ, వంటిల్లూ, మళ్ళీ రెండు గదులూ చూశాను. పెట్టె లేదని గమనించాక కూర్చున్నాను. చెప్పి వెళ్ళే మనిషైతే ఎదురుగా వచ్చి చెబుతుంది. వీపుకి ఎవరైనా చెబుతారా? ఉండమను. ఆవిడ ఇష్టం. నాకు వంట చేసుకోవడం వచ్చు.

వెటకారంగా రాశానన్నావు. నేను దాన్ని వీధంతా చదివి వినిపించాను. ఇక నుంచి ఏది వెటకారమో ఏది నిజమో పక్కన గీత పెట్టి రాయి, చదువురానివాళ్ళకి ఉపయోగపడుతుంది.

మొక్కల జోలికి మాత్రం ఎవరినీ రానివ్వను.

రెండు రోజులుగా కాస్త జ్వరం. కళ్ళ వెనక నొప్పి. మిరియాల కషాయం తాగుతున్నాను, తగ్గుతుంది. నువ్వు అడగలేదు కాబట్టి చెప్పనక్కర్లేదు గానీ, అడిగినప్పుడు దాచాననకుండా రాశాను.

ఇట్లు,
నీ మేనమామ

జూలై 15

మామయ్యా,

తిట్టావు, బాగుంది. తర్వాత కలిసినప్పుడు ఇంకా తిట్టు. జ్వరంతో కళ్ళ వెనక నొప్పి అంటే దోమలవల్ల వచ్చే జ్వరం కావచ్చు. కషాయం ఆపక్కర్లేదు, కానీ ఈ ఉత్తరం అందగానే రక్తపరీక్ష చేయించు. జ్వరానికి, నొప్పులకి నీ అంతట నువ్వు ఏ మాత్రా మింగకు, డాక్టరు చెప్పినదే వేసుకో. నీళ్ళు బాగా తాగు. దోమతెరలో పడుకో, లేకపోతే నిన్ను కుట్టిన దోమ బేకరీ వాళ్ళనీ కుడుతుంది.

నీ ఉత్తరం అత్తయ్యకి చదివి వినిపించాను. వీపుకి ఎవరైనా చెబుతారా అన్న దగ్గర ఆవిడ చదవడం ఆపమంది. తర్వాత, నేను ఎప్పుడూ ఆయన వెనకే నిలబడి మాట్లాడతానే అంది. అక్కడితో ఆగి, లేచి వెళ్ళి, నా పాత దోమతెర చిరుగులు కుట్టడానికి కూర్చుంది.

ఏది వెటకారమో గీత పెట్టి రాయమన్నావు. ఈ ఉత్తరంలో ఎక్కడా గీత లేదు.

నీ కోడలుపిల్ల

జూలై 18

మామయ్యా,

ఇది ఆసుపత్రి చిరునామాకి రాస్తున్నాను. నిన్న పొద్దున్న బేకరీ ఆయన ఫోన్ చేశారు. రెండు రోజులుగా నువ్వు తలుపు తీయకపోతే, వెనక గోడ దూకి వచ్చారట. నువ్వు స్పృహలోనే ఉన్నావు, లేవలేకపోతున్నావు, అంతే. ఎంతసేపు తలుపు కొట్టామో అని ఆయన అంటే, ఎవరూ కొట్టలేదు అన్నావట.

డెంగీ అని తేలిందని, గండం లేదని, నాలుగు రోజులు ఉంచుకుంటారని చెప్పారు. వాళ్ళావిడకి కూడా జ్వరం వచ్చిందట, ఇంట్లోనే తగ్గుతోందన్నారు. ఆయన గొంతులో నీ మీద కోపం లేదు. ఉంటే బాగుండేదేమో, నేను సమాధానం చెప్పుకునేదాన్ని.

అత్తయ్యకి చెప్పేటప్పటికే ఆవిడకి అర్థమైపోయింది. పెట్టె సర్దింది, కుట్టిన దోమతెర మడిచి పైన పెట్టింది, చెప్పులేసుకుంది. స్టేషన్లో బండి ఆలస్యమని మైకులో చెప్పారు. అత్తయ్య ఆ గొంతు విని, ఈ పిల్లకి ఒత్తులు పలకడం రాదు అంది. నేను నవ్వబోయి ఆవిడ మొహం చూసి ఆగిపోయాను. కళ్ళు తుడుచుకుంటోంది. బండి ఎక్కాక కిటికీలోంచి నా చెయ్యి పట్టుకుని ఒకటే అడిగింది. "ఆయనకి వినపడలేదంటావు కదా, నిజమే కదా?" నేను నిజమేనన్నాను. అదే అయ్యుంటే బాగుండు అంది. మొగుడికి చెవుడు వచ్చి ఉండాలని అంత ఆశగా కోరుకున్న ఆడదాన్ని నేను ఇంతవరకు చూడలేదు మామయ్యా.

చేపపిల్లలు గుడ్లలోంచి బయటికి వచ్చే రోజులు కావడం వల్ల సూపర్‌వైజరు ఆదివారం దాకా సెలవివ్వలేదు. వచ్చేటప్పుడు నీళ్ళ డబ్బాలో దోమపిల్లల్ని తినే చేపలు తెస్తాను. డ్రమ్ము నువ్వు ఎలాగూ వదలవు కదా, కనీసం వాటికి అన్నం పెట్టు.

నీ కోడలుపిల్ల

ఆగస్టు 9

కోడలుపిల్లకి,

నువ్వు వచ్చి వెళ్ళినప్పుడు నాకు మాట్లాడే ఓపిక లేదు. అందులోనూ నువ్వు అన్నవన్నీ కాగితం మీద రాసి చూపిస్తుంటే, జవాబు నోటితో చెప్పడానికి సిగ్గేసింది. ఇప్పుడు లేచి తిరుగుతున్నాను. మోకాళ్ళు మాత్రం ఇంకా నావి కావు.

ఆసుపత్రిలో జరిగింది నీకు ఎవరూ చెప్పి ఉండరు. చేరిన రోజు డాక్టరమ్మ వచ్చి వాంతులు అయ్యాయా అని అడిగిందట. నాకు వంతులు అని వినపడి, వంతులేమీ లేవమ్మా, నేనే అందరికంటే ముందు వచ్చాను అన్నాను. ఇంకేవో అడిగింది, నాకు తోచింది చెప్పాను. రోగికి మతి తప్పిందని రాసుకుని వెళ్ళింది. మర్నాడు మీ అత్తయ్య వచ్చి ఆ మాట విని, ఆయన మతికేమీ కాలేదు, చెవులు చూడండి అని గొడవపడిందట. అప్పుడు నా మంచం దగ్గరికి వచ్చింది. ఎప్పటిలా వెనక నిలబడలేదు. ఎదురుగా కూర్చుని, వంగి, చెవిలో నోరు పెట్టి, స్టేషన్లో మాట్లాడే గొంతుతో మాట్లాడింది.

"నేను అలగలేదండీ. ఇన్నాళ్ళూ మీతో మాట్లాడుతూనే ఉన్నాను."

వార్డంతా వినపడింది. పక్క మంచం ముసలాయన బండి వచ్చిందనుకుని లేచి సంచీ సర్దుకోబోయాడట. నాకూ వినపడింది కోడలుపిల్లా. ఎంతో కాలానికి ఒక మాట మొదటి నుంచి చివరి దాకా వినపడింది. నా కళ్ళలోంచి అలా నీళ్ళు కారుతుంటే జ్వరం ఎక్కువైందని నర్సు వచ్చి థర్మామీటరు పెట్టింది.

నీకు ఇంకొకటి చెప్పాలి. నా చెవులు బాగున్నాయని నీతో వాదించాను, కానీ అవి బాగాలేవని నాకు కొంత తెలుసు. కొట్లో ఒక రోజు ఎవరిదో చేతి గడియారం బాగుచేసి చెవి దగ్గర పెట్టుకున్నాను. చప్పుడు లేదు. చూస్తే ముల్లు తిరుగుతోంది. మళ్ళీ చెవి దగ్గర పెట్టాను, లేదు. చూశాను, తిరుగుతోంది. అలా ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఆ సాయంత్రమే కొట్టు కట్టేసి ఇంటికొచ్చి, నూనె కాచడం మొదలుపెట్టాను. ఇంకేదో ఒక పనిలో గట్టివాణ్ణి అనిపించుకోకపోతే మర్నాడు లేవలేననిపించింది. దోమలు నాకు సాయపడ్డాయి. అవి పాడటం మానేసినట్టు కనపడేసరికి నేను నిజంగానే నమ్మేశాను.

మునిసిపాలిటీ వాళ్ళు వచ్చి పెరడు చూశారు. వీధి మొత్తానికి దోమల్ని సరఫరా చేస్తున్నది మా ఇల్లేనని తేల్చారు. పళ్ళేలన్నీ ఎత్తుకుపోయారు. డ్రమ్ము మాత్రం నువ్వు తెచ్చిన చేపల్ని చూపించి ఉంచుకున్నాను. అవి బలిశాయి. మేము ఇప్పుడు దోమతెరలో పడుకుంటున్నాం, ఫ్యాను నువ్వు చెప్పిన వైపే తిప్పాను. వేపనూనె చేతులకి రాసుకోవడం మానలేదు, కానీ వెల్లుల్లి తీసేశాను. బేకరీ ఆయన దగ్గరికి వెళ్ళి క్షమించమన్నాను. వాళ్ళావిడ లేచి తిరుగుతోంది. ఆయన నా భుజం తట్టి, మీ నూనె కొట్టు షట్టరుకి పోశాను, కిర్రుమనడం మానేసింది అన్నాడు. ఈసారి వెటకారమా నిజమా అని మీ అత్తయ్యని అడిగాను. రెండూనట.

పోయిన వారం చెవికి మిషను పెట్టించారు. ఇంటికి వచ్చేదాకా దారంతా గోల. చెప్పుల చప్పుడు, సైకిలు గంట, నా కడుపులో ఆకలి కూడా వినపడింది. ఇల్లు తలుపు తీయగానే దోమ కూడా వినపడింది. అది పెద్ద విశేషమేమీ కాదు, ముందే తెలుసు కదా.

తెలియనిది వేరే. మీ అత్తయ్య నీళ్ళు తెచ్చి ఇచ్చి, ఎలా ఉంది, బాగా వినపడుతోందా అని మామూలుగా అడిగింది. నేను ఒక్క క్షణం ఎవరో అనుకున్నాను. ఆ గొంతు ముసలిదైపోయింది. చివర్లో కాస్త వణుకుతోంది. మాట మధ్యలో ఊపిరి తీసుకోవడానికి ఆగుతోంది. ఇన్నాళ్ళూ ఆవిడ పెదవులు కదిలినప్పుడు నాకు తెలియకుండానే పాత గొంతుని వాటికి అతికించుకున్నట్టున్నాను. ఆసుపత్రిలో విన్నది స్టేషన్ కోసం అట్టేపెట్టిన గొంతు. ఇంట్లో గొంతు ఎప్పుడు మారిందో నేను చూడలేదు, అంటే వినలేదు.

ఎందుకలా చూస్తున్నారు, నా గొంతు ఎలా ఉందేమిటి అంది. ఎలా ఉంటుంది, ఎప్పటిలాగే ఉంది అన్నాను. ఆవిడకి అది నిజమనే అనిపించింది కాబోలు, పొద్దుటి నుంచి రాత్రి దాకా ఆపకుండా మాట్లాడుతోంది. నెలల నుంచి చెప్పినవన్నీ మళ్ళీ చెబుతోంది. మధ్య మధ్య తిడుతోంది, అవి కూడా పాతవే.

ఇప్పుడు వంటింట్లోంచి ఏదో అడుగుతోంది. చారులో ఉప్పు సరిపోయిందో లేదో వచ్చి చూడమంటోంది, స్పష్టంగా వినపడింది. అయినా ఇక్కడి నుంచి, ఏమన్నావు అని అడగబోతున్నాను.

మీ మామయ్య